బోల్టుకు పెట్టిన బొట్టు

శశికాంత్ రెండోసారీ అదే చెప్పాడు. మూడోసారి అడిగితే ఏడ్చేసేలా ఉన్నాడు. డిటెక్టివ్ అన్నాక అడగాలి, నిజమే. కానీ భార్య పోయి నెల తిరగని మనిషిని ఎంతని గుచ్చి అడుగుతాం? రాగిణి నీళ్ళ గ్లాసు అతని వైపు జరిపింది.

అతను చెప్పినదాంట్లో తికమకేమీ లేదు. నాలుగు కుటుంబాలు కలిసి ఒక ట్రావెల్ ట్రైలర్ కొనుక్కున్నాయి. కారు వెనక తగిలించుకుని పోయే చిన్న ఇల్లు అనుకోండి, పడకలూ పొయ్యీ బాత్రూమూ అన్నీ లోపలే. దసరాకు దాన్ని లేక్ పక్కన క్యాంప్‌గ్రౌండ్‌లో నిలిపారు. పొద్దున ఆయుధ పూజ చేసి, ముందుభాగంలో బయటికి కనబడే ఇనుప ఫ్రేముకు పసుపూ కుంకుమా పెట్టారు. ఆ నాలుగు కుటుంబాల్లో ఒకటైన నీరజ్‌ వాళ్ళ తరఫున నీరజే కొబ్బరికాయ కొట్టాడు. చెయ్యి కడుక్కునేలోపే ఆఫీసు నుంచి ఫోను, ప్రొడక్షన్ డౌన్, సిస్టమ్స్ పనిచెయ్యడం లేదని. ఆ వారం ఆన్‌కాల్ డ్యూటీ అతనిదే కాబట్టి కారెక్కి తాముండే ఇర్వింగ్‌కు వచ్చేశాడు, మళ్ళీ వెళ్ళలేదు. మధ్యాహ్నం వంటలు మొదలయ్యేసరికి ట్రైలర్‌లో కరెంటు సతాయించింది. బ్రేకర్ వెయ్యడం, అది టప్పున పడిపోవడం. చాలాసేపు నానా తిప్పలు పెట్టి ఆఖరికి నిలబడింది. రాత్రి వాన పడింది. తెల్లారాక శశికాంత్ భార్య అంకిత, టీకి పాలు తెస్తానని టెంట్‌లోంచి లేచి వెళ్ళి ట్రైలర్ తలుపు పట్టుకుంది. కరెంటు కొట్టి పడిపోయింది, ఇక లేవలేదు.

"ఆ కరెంటు ఎలా నిలబడింది శశీ? ఎవరైనా ఏమైనా చేశారా?"

"ఏమో అండీ. దానంతట అదే సెట్ అయింది. అప్పుడందరం ఆకలి మీదున్నాం, కరెంటు వచ్చింది కదా అని సంతోషపడ్డాం. ఎందుకొచ్చిందని ఎవరడుగుతారు?"

లేచి గుమ్మం దాకా వచ్చి, నీరజ్‌ను తిట్టుకోవాలంటే నోరు రావడం లేదనీ, క్షమించాలంటే మనసు రావడం లేదనీ చెప్పాడు. ఆ రెండు మాటలూ ఒకదాని వెంట ఒకటి చెప్పి తలుపేసుకున్నాడు. రాగిణి కారులో కూచుని చాలాసేపు స్టార్ట్ చెయ్యలేదు. పెళ్ళాం పోయినవాడి ఇంటికి వెళ్ళి కరెంటు గురించి అడిగి వచ్చే బతుకు ఏం బతుకు అనిపించింది.

ఎర్త్ వైరు సంగతి ఇక్కడ చెప్పుకోవాలి, లేకపోతే నీరజ్ జైల్లో ఎందుకున్నాడో తెలియదు. లోపల ఎక్కడైనా కరెంటు దారి తప్పి బండి ఇనుముకు తగిలితే, ఎర్త్ వైరు దాన్ని పట్టుకెళ్ళి బ్రేకర్‌ను పడగొడుతుంది. బ్రేకర్ పడితే విసుక్కుంటాం గానీ, అది పడబట్టే బతికి బట్టకడుతున్నాం. ఆ వైరు ఊడిందో, బ్రేకర్ పడదు, బండి నిండా కరెంటు నిలబడిపోతుంది. పొడినేల మీద చెప్పులతో తిరిగినంతసేపూ ఎవరికీ తెలియదు. ఈ ట్రైలర్‌లో నీళ్ళ హీటర్ కాయిల్ చెడి ఇనుముకు తగులుతోంది. ఎర్త్ వైరును ఫ్రేముకు బిగించే బోల్టు వేళ్ళతో తిప్పితే తిరిగేంత వదులుగా ఉంది. ఈ రెండూ పోలీసులే కనిపెట్టారు. దసరాకు ముందు ఫ్రేము మీద తుప్పు గీకి రంగు వేసినవాడు నీరజ్. ఆ బోల్టు ఊడదీస్తూ నవ్వుతున్న వీడియోను వాట్సాప్ గ్రూపులో పెట్టుకున్నవాడూ నీరజే. ప్రాసిక్యూటర్‌కు ఇంకేం కావాలి?

నిజానికి రాగిణిని కుంగదీసింది ప్రాసిక్యూటర్ కాదు. జైలు అద్దానికి అవతల కూచుని నీరజ్ చెప్పిన మాట.

"నేనే అయ్యుంటా అక్కా. బిగించాననే అనుకుంటున్నా, కానీ గుర్తులేదు. ప్రమాణం చెయ్యమంటే చెయ్యలేను."

రేపు ఉదయం కోర్టులో నేరం ఒప్పుకోబోతున్నాడు. ఒప్పుకుంటే కొన్నేళ్ళ జైలు, ఆ పైన విమానం ఎక్కించి దేశం దాటించడం. హెచ్‌వన్ వీసా మీద ఉన్నవాడికి ఇంకో దారి లేదు. ఈ కేసు అప్పగించిన అతని భార్య రష్మి రాగిణి చేతులు పట్టుకుని ఒక్కటే అడిగింది: తుప్పు వల్లే వదులైందని తేల్చమని. మిషిగన్‌లో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పులో తిరిగి వచ్చిన పాత బండి ఇది, ఫ్రేమంతా పొరలు పొరలుగా రాలుతోంది. తుప్పుకు వీసా లేదు, జైలూ లేదు. రాగిణికి కూడా అదే తేలితే బాగుండుననిపించింది.

స్టోరేజ్ యార్డుకు చేరేసరికి మానవ్ అప్పటికే కెమెరా స్టాండ్ పెట్టేసి ఉన్నాడు. ఇన్సూరెన్స్ కంపెనీ పంపిన ఇంజినీరు, ఈ దేశంలోనే, పిస్కాటవేలో పుట్టి పెరిగిన తెలుగు పిల్లవాడు. తెలివైనవాడే, కాకపోతే ఆ సంగతి తనకు మరీ ఎక్కువ తెలుసు. రెండు పక్షాలూ ఎదురుగా ఉండగా, కెమెరా ముందు మొదటిసారి ఆ బోల్టు విప్పి చూడాలని ఒప్పందం. పోలీసులు కదిపి చూశారే తప్ప ఇంతవరకూ ఊడదీయలేదు.

"ఆంటీ, మీరు లేట్," అన్నాడు.

"నువ్వు నన్ను ఆంటీ అనడం మానితే నేను టైముకి వస్తా."

"మరి ఏం పిలవాలి?"

"ఈ పని పూర్తయ్యాక ఆలోచిద్దాం."

ఇద్దరూ ట్రైలర్ ముక్కు దగ్గర మోకాళ్ళ మీద కూచున్నారు. ఫ్రేము కిందివైపు చేత్తో తడిమితే తుప్పు అప్పడంలా విరిగి రాలుతోంది. పైన నీరజ్ వేసిన నల్లరంగు. బోల్టు చుట్టూ మాత్రం రంగు పడకుండా టేపు వేసి, ఇనుము తెల్లగా మెరిసేదాకా రుద్దాడు. రంగు మీద ఎర్త్ వైరు బిగిస్తే కరెంటు దాటదని తెలిసినవాడు చేసే పని అది. మానవ్ మీటరు పెట్టి చూశాడు. వైరు కదిలిస్తే ముల్లు లేస్తోంది, వదిలేస్తే పడిపోతోంది.

"చూడండి. క్లీనింగ్ పర్ఫెక్ట్‌గా చేశాడు. టైట్ చెయ్యడం మర్చిపోయాడు. సింపుల్."

"ఇంత శ్రద్ధగా రుద్దినవాడు బిగించకుండా లేస్తాడా?"

"హ్యూమన్స్ మర్చిపోతారు ఆంటీ. అందుకే మా కంపెనీ ఉంది." ఆ తర్వాత కాస్త గొంతు మార్చి, లైసెన్స్ లేనివాడు వైరింగ్ ముట్టుకున్నాడు కాబట్టి కంపెనీ ఎవరికీ ఏమీ ఇవ్వదనీ, తన రిపోర్టు ముప్పాతిక వంతు అయిపోయిందనీ చెప్పాడు. చూడకముందే రిపోర్టు రాసేవాడివి ఇక్కడిదాకా ఎందుకొచ్చావని రాగిణి అడిగింది. అతను మొహం ముడుచుకుని బోల్టును వేళ్ళతో తిప్పి బయటికి లాగాడు.

బోల్టు తల మీద పసుపు ఎండి పొట్టులా ఉంది. దాని వెనక వాషర్ అనే వెడల్పాటి ఇనుప బిళ్ళ, ఆ వెనక ఎర్త్ వైరు కొస. వాషర్ పైముఖం శుభ్రంగా ఉంది. మామూలు ఇనుము రంగు, అంతే. రాగిణి దాన్ని పట్టకారుతో అందుకుని, కెమెరా ముందే తిప్పింది.

లోపలి ముఖం పసుపు పచ్చగా ఉంది. దాని మీద ఒక పక్కగా కుంకుమ బొట్టు, వైరు కొస నొక్కుకుని కాస్త చెదిరింది.

రాగిణి ఫోను తీసి, వాట్సాప్ గ్రూపులోని పూజ వీడియో పెట్టింది. రష్మి చెయ్యి వచ్చి ఫ్రేముకు పసుపు రాస్తుంది, బోల్టుకు రాస్తుంది, వాషర్ అంచున కుంకుమ పెడుతుంది. పక్కనే నీరజ్ కొబ్బరికాయ పట్టుకుని నిలబడి ఉన్నాడు. పైముఖం మీద పెట్టిన బొట్టు అది. ఇప్పుడు లోపలి వైపుంది.

"పూజప్పుడు ఈ బొట్టు బయటికుంది," అంది రాగిణి. "తర్వాత ఎవరో బోల్టు ఊడదీశారు. మళ్ళీ పెట్టేటప్పుడు వాషర్ తిరగబడింది. పూజ కాగానే నీరజ్ వెళ్ళిపోయాడు, ఆఫీసులో లాగిన్ అయి ఉన్నాడు. అతను కాదు."

మానవ్ వీడియోను మళ్ళీ చూశాడు. బోల్టు వదులుగా ఉంటే పసుపు నీళ్ళు లోపలికి కారవచ్చు కదా అన్నాడు. కారితే మరక అవుతుంది గానీ గుండ్రటి బొట్టు అవ్వదు, పైగా పైముఖం మీది బొట్టు ఏమైపోయిందో కూడా చెప్పమంది. కెమెరా నడుస్తూనే ఉంది. ఎంత కాదన్నా నిజాయితీ ఉన్నవాడు, తలూపి ఒప్పుకున్నాడు.

రాగిణి నీరజ్ లాయరుకు ఫోన్ చేసింది. వాషర్‌తో రేపటి విచారణ వాయిదా పడుతుంది, అంతవరకే అన్నాడాయన. ఇంకెవరో తీశారంటే కోర్టు వింటుందేమో గానీ వదిలిపెట్టదు, ఆ ఎవరో ఎవరన్నది కావాలి అన్నాడు.

ఫోను పెట్టేసేసరికి మానవ్ కెమెరా ఆపి ఆమె వంకే చూస్తున్నాడు. "ఆంటీ, బ్రేకర్ పడడం ఆగిపోయింది కదా ఆ రోజు. ఎర్త్ తీసేస్తే ఆగిపోతుంది. సో ఎవరో కరెంటు కోసం తీశారు. మర్డర్ కాదు, రిపేర్. రిపేర్ ఎవరు చేశారు?"

"ఎవరూ చెయ్యలేదంటున్నారు. అందర్నీ అడిగాను."

"క్యాంప్‌కి వచ్చినవాళ్ళ లిస్టులో రష్మి ఆంటీ వాళ్ళ తాతగారు ఉన్నారు కదా, ఆయన్ని?"

"తాతగారు కాదు, ఆవిడ నాన్నగారు." మిగతాది రాగిణి సిగ్గుపడుతూనే చెప్పింది. రష్మి తండ్రి పాపయ్యగారు విజిటర్ వీసా మీద వచ్చిన పెద్దాయన, గుండెకు స్టెంట్ వేశారు. ఆ రోజు సాయంత్రమే చలికి తట్టుకోలేడని ఎవరో ఆయన్ని ఇంటి దగ్గర దింపేశారు. జరిగింది ఆయనకు తెలియదు. అంకిత గుండెపోటుతో పోయిందనీ, అల్లుడు ఆఫీసు పని మీద వేరే రాష్ట్రంలోని షాంటిలీ వెళ్ళాడనీ చెప్పారు. నాన్నను మాత్రం కదిలించొద్దక్కా అని రష్మి అడిగితే, అయ్యో అదెంత మాట అని రాగిణి ఒప్పుకుంది. మన ఇళ్ళల్లో అది అడగాల్సిన మాట కూడా కాదు. చావు కబురైనా సరే పెద్దవాళ్ళకు ముందు చెప్పం, మందులు వేసుకున్నాక చెబుతాం, లేదా అసలు చెప్పం.

మానవ్ అంతా విన్నాడు. "సో ఒక విట్‌నెస్ ఉన్నాడు. మీరు అడగలేదు. బికాజ్ హీ ఈజ్ ఓల్డ్."

"నీకు అర్థం కాదులే."

"ఎక్స్‌ప్లెయిన్ చెయ్యండి మరి. ఆ అంకుల్ జైల్లో ఉన్నాడు, ఈ తాతగారి బీపీ పెరగకూడదు. ఇదేం లాజిక్?" ఈసారి ఎగతాళి లేదు అతని గొంతులో, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. ఈ సాయంత్రం లోపు ఆమె వెళ్ళి అడగకపోతే తనే వెళ్ళి అడుగుతాననీ, తన తెలుగుతో అడిగితే ఆ పెద్దాయనకు ఇంకా కష్టమనీ చెప్పి సామాన్లు సర్దుకున్నాడు.

హైవే మీద రాగిణికి సంతోషమేమీ లేదు. గెలిచిన పూట ఇలా ఉండకూడదు. ఆ పెద్దాయన ఏమీ తెలియదనాలి అని దారి పొడుగునా దేవుళ్ళకు మొక్కుకుంది. మళ్ళీ వెంటనే, ఏమీ తెలియదంటే నీరజ్ గతేమిటని తనను తానే తిట్టుకుంది.

రష్మి తలుపు తీసింది. మనిషి సగమైపోయింది. రాగిణి గుమ్మంలోనే నిలబడి, గొంతు తగ్గించి వాషర్ సంగతి చెప్పింది. నీరజ్ బిగించే ఉంటాడు, తర్వాత ఎవరో విప్పారు అంది. భోరున ఏడుస్తుందనీ, వాటేసుకుంటుందనీ అనుకుంది.

రష్మి మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. "తుప్పు కాదా అక్కా?"

"కాదు."

"తుప్పని రాయలేరా?"

రాగిణి తల అడ్డంగా ఊపింది. మీ నాన్నగారితో ఒక్క మాట మాట్లాడాలంది. వద్దని రష్మి అడ్డం పడేలోపే బాల్కనీ నుంచి "ఎవరమ్మా?" అని వినబడింది.

పాపయ్యగారు కుర్చీలో కూచుని వెల్లుల్లి రెబ్బలు ఒలుస్తున్నారు. బనీను మీద శాలువా. ఉద్యోగమంతా కరెంటు స్తంభాల మీదే గడిపిన మనిషి, వేళ్ళు ఇంకా బలంగా ఉన్నాయి. రాగిణిని కూచోమని, ఆమె ఊరేదో అడిగి, తెలిసిన ఊరే అయినందుకు సంబరపడ్డారు. ఈ దేశంలో తనను ఎవరూ ఏదీ అడగరని నవ్వారు. అన్నం తిన్నారా, మందు వేసుకున్నారా, ఈ రెండే అడుగుతారట.

దసరా రోజు కరెంటు చాలా ఇబ్బంది పెట్టిందట కదా బాబాయిగారూ అని రాగిణి మెల్లగా మొదలుపెట్టింది. ఆయన కళ్ళు మెరిశాయి. ఎంతకాలానికో తన పని గురించి ఒకరు అడిగారు.

"బ్రేకర్ ఊకె పడుతుంటే చూసిన బిడ్డా. ఎర్త్ తీసి పెడితే నిలబడ్డది. అంటే లోపల ఎక్కడ్నో బాడీకి తగులుతున్నట్టే లెక్క. పిల్లలు ఆకలని ఏడుస్తున్నరు, వంటలు సగంల ఆగినయి. వంట అయ్యేదాక ఉండనీ అన్న."

"అలా ఉంచితే ప్రమాదం కదండీ?"

"నాకు తెల్వదా?" ఆయనకు కాస్త రోషం వచ్చింది. "అట్ల ఉంచే పని గాదది. అందుకే వంట కాంగనే బండి ప్లగ్గు పీకమని, మళ్ళ పెట్టొద్దని రష్మికి చెప్పిన. అల్లునికి ఫోన్ చేసి చెప్పమని గూడ చెప్పిన. బోల్టు కింద పడి పోతదని వేళ్ళతోటి పెట్టి వచ్చిన, అల్లుడొచ్చి బిగించుకుంటడని. నేను వచ్చేటప్పుడు మళ్ళొకసారి చెప్పిన. ఏమ్మా, చెప్పలే?"

వంటింటి గడప దగ్గర రష్మి నిలబడి ఉంది. చేతిలో టీ కప్పులు. రాగిణి ఆమె వంక చూసింది. తండ్రికి ఏమీ తెలియకూడదని ఆమె ఎందుకంత పట్టుబట్టిందో ఇప్పుడు అర్థమైంది. స్టెంటు ఒక్కటే కాదు కారణం. ఆ ఇంట్లో ఎవరూ ఆయన్ని ఏదీ అడగకుండా ఉంటే చాలు, ఆయన రష్మికి చేసిన హెచ్చరిక ఎప్పటికీ బయటపడేది కాదు. పెద్దాయన మీద ప్రేమతో అందరూ దానికి కాపలా కాశారు, రాగిణితో సహా.

"చెప్పావు నాన్నా," అంది రష్మి. "వడ్డనల్లో మర్చిపోయా."

పాపయ్యగారు కూతుర్ని చూశారు, రాగిణిని చూశారు. వెల్లుల్లి రెబ్బ వేళ్ళ మధ్యే ఉండిపోయింది. ఆయనకు ఎవరూ చెప్పాల్సిన అవసరం లేకపోయింది. కరెంటు కొట్టి పడినవాళ్ళను ఆయన తన చేతుల మీద ఎంతమందిని దించాడో.

"ఆ రాత్రి వాన పడ్డదన్నరు," అన్నారు చివరికి. "అంకితమ్మ పడిపోయినప్పుడు కాళ్ళకు చెప్పులున్నయా?"

రష్మి కప్పులు కింద పెట్టింది. "లేవు నాన్నా."

"అల్లుడు షాంటిలీ పోలే."

"పోలేదు. జైల్లో ఉన్నాడు. తనే బిగించడం మర్చిపోయాననుకుంటున్నాడు."

ముసలాయన మోకాళ్ళ మీద చేతులాన్చి లేచాడు. రాగిణి పట్టుకోబోతే వద్దన్నాడు. లోపలికి వెళ్ళి కొక్కేనికున్న తెల్లచొక్కా తీసి తొడుక్కుని, ఎక్కడికి పోయి చెప్పాలో అక్కడికి తీసుకుపొమ్మని రాగిణిని అడిగాడు. అప్పటికి రష్మి వెళ్ళి బయటి తలుపుకు వీపు ఆనించి నిలబడింది. ఆమె ఏడవడం లేదు. ఏడ్చి ఉంటే రాగిణికి ఇంత భయం వేసేది కాదు.

"నువ్వు తీశావని చెప్తే, నాకు చెప్పావని కూడా చెప్పాలి. అప్పుడు నేను కూడా జైలుకు పోతా. నువ్వు తట్టుకోలేవు, నీ గుండె తట్టుకోదు. మా ఇద్దరిలో ఒకరైనా మా పాప అనిక దగ్గర ఉండాలి కదా నాన్నా. నీరజ్ ఎలాగూ లోపలే ఉన్నాడు. అందుకని ఊరుకున్నా." రాగిణి వైపు తిరిగి, "మీరు తుప్పని తేలుస్తారని పిలిచాను అక్కా. మీకు అంత తెలివి ఉంటుందనుకోలేదు," అంది.

ఆ వాషర్‌ను రాగిణి యార్డులోనే పారేసి ఉండాల్సిందా? పారేసినా మానవ్ కెమెరాలో ఉంది. సాయంత్రమైతే అతను వస్తాడు.

"తొవ్వ విడువు బిడ్డా," అన్నారు పాపయ్యగారు.

రష్మి కదల్లేదు. కింద స్కూల్ బస్సు ఆగిన చప్పుడైంది. మెట్ల మీద పరుగు, ఆ తర్వాత రష్మి వీపు వెనక తలుపు మీద చిన్న చేతుల దెబ్బలు. "మమ్మీ, ఓపెన్ చెయ్యి," అని అనిక గొంతు. రష్మి తలుపు తియ్యలేదు, పక్కకీ జరగలేదు. పాపయ్యగారు కూతురి మొహం వంకే చూస్తూ చొక్కా గుండీలు ఒక్కొక్కటే పెట్టుకున్నారు.